‘నాకూ అదే వచ్చింది’ అంటే సరైనట్టేనా?

సాయంత్రం 6 గంటలకు జేఈఈ మెయిన్ రెండో షిఫ్టు ముగుస్తుంది. ఆ వేళకు బెంగళూరులో వైట్‌ఫీల్డ్ వైపు ఏ పరీక్షా కేంద్రం గేటు దగ్గర నిలబడినా తెలుగు మాట చెవిన పడకుండా ఉండదు. చెప్పులు ఈడ్చుకుంటూ బయటికి వచ్చిన పిల్లలు అమ్మానాన్నల కంటే ముందు ఒకరినొకరు వెతుక్కుంటారు.

“లోలకం బిట్టుకు ఎంత పెట్టావురా?”

“తొంభై తొమ్మిది.”

“అయ్యో, వంద కదా!”

“నాకూ వందే వచ్చింది.”

అంతే, తీర్పు వెలువడింది. ఇటు ఇద్దరు, అటు ఒక్కడు. ఆ ఒక్కడి ముఖం వాడిపోతుంది. దారిలో వాళ్ల నాన్న “ఎన్ని పోయాయి?” అని అడిగితే, పోయిన వాటి లెక్కలో ఈ బిట్టును కూడా కలిపి చెబుతాడు.

నిమిషంలో తేలిపోయిన ఆ తీర్పులో మూడు వేరు వేరు ప్రశ్నలు చిక్కుపడి ఉన్నాయి. భౌతికశాస్త్రం ప్రకారం జవాబు సరైనదా? పరీక్ష పెట్టినవాళ్లు విడుదల చేసే జవాబుల పట్టిక, అంటే ‘కీ’, దాన్ని సరైనదిగా ఒప్పుకుంటుందా? ఒప్పుకుంటే ర్యాంకులో దాని విలువ ఎంత? గేటు దగ్గర ఈ మూడింటికీ కలిపి చేతులెత్తి ఓటు వేస్తారు. ఒక్కోదానికీ జవాబు దొరికే చోటు వేరు, దొరికే రోజు వేరు.

ముందు ఆ లోలకం సంగతి చూద్దాం. పొడవు 1 మీటరు, 50 డోలనాలకు ఎన్ని సెకన్లు పడుతుంది, దగ్గరి పూర్ణాంకం రాయండి అని ప్రశ్న అనుకుందాం. జేఈఈ మెయిన్‌లో ఒక్కో సబ్జెక్టులో అయిదు ప్రశ్నలకు ఆప్షన్లు ఉండవు, అంకెను మనమే టైపు చేయాలి. ఇది ఆ కోవలోది. సూత్రం అందరికీ నోటికి వచ్చినదే: పొడవును గురుత్వ త్వరణంతో భాగించి, వర్గమూలం తీసి, రెండు ‘పై’లతో గుణించాలి. గురుత్వ త్వరణం 10 అనుకుంటే ఒక డోలనానికి 1.987 సెకన్లు, యాభైకి 99.35. దగ్గరి పూర్ణాంకం 99. అదే 9.8 తీసుకుంటే ఒక డోలనానికి 2.007, యాభైకి 100.35. జవాబు 100. ప్రశ్న చివర ‘పై’ వర్గాన్ని 10గా తీసుకోండి అని ఉంటే, గురుత్వ త్వరణం 10తో కొట్టుడుపోయి డోలనానికి సరిగ్గా 2 సెకన్లు, మళ్లీ 100. ఇంకో రకం విద్యార్థి ఉంటాడు. 10తోనే మొదలుపెట్టి, మధ్యలో 1.987ను 1.99 చేసి, 50తో గుణించి 99.5 తెచ్చుకుని, దాన్ని 100 చేస్తాడు. అతనికి వంద వచ్చిన దారి వేరు, పక్కవాడికి వంద వచ్చిన దారి వేరు. గేటు దగ్గర ఇద్దరూ చేతులు కలుపుతారు.

కాబట్టి 99 పెట్టినవాడు తప్పు చేశాడా అంటే, ప్రశ్న కింద ఏ విలువ తీసుకోమన్నారో చూడకుండా చెప్పలేం. ఆ చివరి పంక్తిని ఎవరూ గుర్తుపెట్టుకోరు. లోలకం గుర్తుంటుంది, 50 గుర్తుంటుంది, బ్రాకెట్లో ఇచ్చిన విలువ గుర్తుండదు. లెక్క మొత్తం ఆధారపడినది దాని మీదే.

మాట మారినా ఇదే గొడవ. 60 కిలోల మనిషి లిఫ్టులో త్రాసు మీద నిలబడ్డాడు, గురుత్వ త్వరణం 10 అనుకుందాం. లిఫ్టు కిందికి దిగుతూ తన వేగాన్ని ప్రతి సెకనుకూ సెకనుకు 2 మీటర్ల చొప్పున పెంచుకుంటుంటే త్రాసు 480 న్యూటన్లు చూపుతుంది. కిందికే దిగుతూ అదే లెక్కన వేగం తగ్గించుకుంటుంటే 720 చూపుతుంది. లిఫ్టు అదే, దిశ అదే, అంకెలు అవే. ‘పెంచుకుంటూ’, ‘తగ్గించుకుంటూ’ అన్న ఒక్క మాట తేడాతో జవాబు ఒకటిన్నర రెట్లవుతుంది. పరీక్ష రాసేటప్పుడు ఆ మాట సరిగ్గా చదివిన అమ్మాయి కూడా, బయటికి వచ్చాక స్నేహితురాలు “దిగుతోంది కదే, తగ్గాలి కదా” అని గట్టిగా అంటే సందేహంలో పడుతుంది. గట్టిగా చెప్పేవాళ్లకు గుర్తు బాగా ఉంటుందన్న నియమం ఎక్కడా లేదు.

పైగా జేఈఈ మెయిన్ కంప్యూటర్ మీద రాసే పరీక్ష. ప్రశ్నపత్రం చేతికి రాదు, చిత్తు లెక్కలు వేసుకున్న కాగితాలు కూడా అక్కడే ఇచ్చి రావాలి. ఇక గేటు బయట జరిగే చర్చంతా జ్ఞాపకానికీ జ్ఞాపకానికీ మధ్య. ప్రశ్నల వరుస, ఆప్షన్ల వరుస అభ్యర్థి అభ్యర్థికీ మారతాయి కనుక “పదిహేడోదానికి బి పెట్టాను” అన్న మాటకు పక్కవాడి దగ్గర అర్థమే లేదు. ఉదయం షిఫ్టు రాసినవాడికీ సాయంత్రం రాసినవాడికీ ఇచ్చిన పేపర్లే వేరు. అయినా పోల్చుకుంటారు, ఒకే రకం లెక్క రెండు షిఫ్టుల్లోనూ వేరే అంకెలతో వస్తే కొట్టుకున్నంత పని చేస్తారు.

నీట్, కర్ణాటక ఉమ్మడి ప్రవేశ పరీక్ష (సీఈటీ) కాగితం మీద రాసేవి కాబట్టి కొంత నయం. ప్రశ్నపత్రం ఇంటికి తెచ్చుకోవచ్చు. అక్కడా పుస్తకాల మీద వెర్షన్ కోడ్లు ఉంటాయి. కోడ్ చూడకుండా నంబరు పట్టుకుని పోల్చుకుంటే వచ్చే కంగారు అంతా ఇంతా కాదు. సీఈటీలో ఫిజిక్స్ 60 ప్రశ్నలకు 80 నిమిషాలు. ఉదయం 10:30కు మొదలై 11:50కి ముగుస్తుంది. మధ్యాహ్నం 2:30కు కెమిస్ట్రీ. మధ్యలో భోజనం డబ్బా తెరిచి ఫిజిక్స్ జవాబులు చర్చించుకునే పిల్లల్ని చూస్తే వారించాలనిపిస్తుంది. అయిపోయిన పేపరులో ఒక్క మార్కు పెరగదు, రాయబోయే పేపరులో మాత్రం తగ్గొచ్చు.

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం. “ఇద్దరికి ఒకటే జవాబు వచ్చింది కాబట్టి అదే సరైనది” అన్న తర్కం. ఇది పూర్తిగా పిచ్చి తర్కం కాదు. ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ బోల్తా కొడుతుంది అన్నదే తెలుసుకోవాలి.

నూటికి 70 మంది సరిగ్గా చేసే తేలిక బిట్టు ఒకటి అనుకుందాం. తప్పు చేసిన 30 మంది మిగతా మూడు ఆప్షన్లలో పదేసి మంది చొప్పున చెదిరిపోయారు. ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా రాసిన వంద జతల్ని తీసుకుంటే, ఇద్దరూ సరిగ్గా పెట్టిన జతలు సుమారు 49, ఇద్దరూ ఒకే తప్పు పెట్టినవి 3. అంటే జవాబు కలిసిన 52 జతల్లో 49 సరైనవే. ఇక్కడ “నాకూ అదే వచ్చింది” అన్న మాటను ధైర్యంగా నమ్మవచ్చు.

ఇప్పుడు ప్రశ్న రాసినవాడు వల పన్నిన బిట్టు తీసుకోండి. తీగను సాగదీసి పొడవు రెట్టింపు చేస్తే నిరోధం ఎన్ని రెట్లవుతుంది అన్నది ఈ రకానికి పాత ఉదాహరణ. పొడవు రెట్టింపైంది కదా అని రెండు రెట్లు అనేస్తారు. తీగ సన్నబడి అడ్డుకోత సగమైందన్న సంగతి తట్టినవాళ్లకు నాలుగు రెట్లు వస్తుంది. ఇది చాలామందికి తెలిసిపోయిన వల. తెలియని వల ఒకటి ఉందనుకోండి: సరైన జవాబు పెట్టినవాళ్లు 30 మంది, వలలో పడినవాళ్లు 50 మంది, మిగతా రెండు ఆప్షన్లకు పదేసి మంది. వంద జతల్లో ఇద్దరూ సరిగ్గా పెట్టినవి 9, ఇద్దరూ వలలో పడినవి 25, మిగతా తప్పుల్లో కలిసినవి 2. జవాబు కలిసిన 36 జతల్లో సరైనవి తొమ్మిదే. అంటే కష్టమైన బిట్టులో నీ జవాబు స్నేహితుడి జవాబుతో కలిసిందంటే, నాలుగింట మూడు వంతులు మీరిద్దరూ ఒకే గోతిలో ఉన్నారని అర్థం.

ఇందులో జతలు ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా రాశాయని అనుకున్నాం. మారతహళ్లిలో ఒకే కోచింగ్‌లో, ఒకే సార్ దగ్గర, ఒకే షార్ట్‌కట్ నేర్చుకున్న ముగ్గురికి ఆ సంబంధం లేకపోవడం ఎక్కడిది? షార్ట్‌కట్ పనిచేయని చోట ముగ్గురికీ ఒకే తప్పు వస్తుంది, ముగ్గురూ ఒకరికొకరు ధైర్యం చెప్పుకుంటారు. మూడు ఓట్లలా కనిపించేది ఒక్క ఓటే. వేరే ఊళ్లో, వేరే పద్ధతిలో చదువుకున్న ఒక్క కుర్రాడికి అదే జవాబు వస్తే దానికి ఎక్కువ విలువ ఇవ్వాలి.

రెండో ప్రశ్న కీది. కీ అంటే దేవుడి వాక్కు అని మనవాళ్లకో నమ్మకం. 2024 నీట్ ఫిజిక్స్‌లో ఒక ప్రశ్న ఆ నమ్మకాన్ని సుప్రీంకోర్టు దాకా లాక్కెళ్లింది.

ప్రశ్నలో రెండు వాక్యాలు ఇచ్చారు. పరమాణువుల్లో ధనావేశం, రుణావేశం సమానంగా ఉంటాయి కనుక అవి విద్యుత్తు పరంగా తటస్థం అన్నది మొదటిది. ప్రతి మూలకపు పరమాణువులూ స్థిరంగా ఉంటాయి, తమకే ప్రత్యేకమైన వర్ణపటాన్ని వెలువరిస్తాయి అన్నది రెండోది. మొదటిది నిజమే. రెండోదాని దగ్గర తంటా వచ్చింది. రేడియోధార్మిక మూలకాల పరమాణువులు స్థిరంగా ఉండవు కాబట్టి ‘ప్రతి మూలకపు’ అన్న మాటతో ఆ వాక్యం తప్పు. కానీ ఎన్‌సీఈఆర్‌టీ పాత పాఠ్యపుస్తకంలో ఆ వాక్యం దాదాపు అలాగే ఉంది, కొత్త ముద్రణలో దాన్ని సవరించారు. అన్నయ్య వాడిన పాత పుస్తకం చదివిన తమ్ముడు రెండూ సరైనవే అన్నాడు, కొత్తది కొన్న వాళ్లు రెండోది తప్పు అన్నారు. పరీక్ష పెట్టిన నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ రెండు జవాబులకూ మార్కులు ఇచ్చేసింది.

పెద్ద మనసే, కానీ ర్యాంకుల పరీక్షలో ఒకరికి ఇచ్చినది ఇంకొకరి నుంచి తీసుకున్నట్టే. 720కి 720 వచ్చిన 67 మందిలో 44 మందికి ఆ పూర్తి మార్కులు ఈ వెసులుబాటు వల్లనే వచ్చాయి. 2024 జూలైలో సుప్రీంకోర్టు ఢిల్లీ ఐఐటీ డైరెక్టరును ముగ్గురు నిపుణులతో కమిటీ వేసి తేల్చమంది. మర్నాటికల్లా తేలింది: సరైన జవాబు ఒక్కటే, రెండో వాక్యం తప్పు. రెండూ సరైనవే అని పెట్టిన నాలుగు లక్షలకు పైగా విద్యార్థులకు తలా అయిదు మార్కులు పోయాయి. సరైన జవాబుకు నాలుగు, తప్పుకు మైనస్ ఒకటి, అందుకే అయిదు. సవరించిన ఫలితాల్లో పూర్తి మార్కుల వాళ్లు 17 మంది మిగిలారు.

పాఠ్యపుస్తకాన్ని నమ్మి పెట్టిన పిల్లల తప్పు ఇందులో ఏముంది అన్న ప్రశ్నకు నా దగ్గర సూటి జవాబు లేదు. పుస్తకంలో ఉన్నదే పరీక్షలో అడుగుతామని చెప్పి, తీరా పుస్తకం కంటే భౌతికశాస్త్రం పెద్దది అనడం సైన్సుకు న్యాయమే, పిల్లలకు మాత్రం కాస్త అన్యాయం. ఆ మే నెల సాయంత్రం జవాబులు పోల్చుకున్న ఇద్దరు స్నేహితులు ఎంత వాదించుకున్నా ఈ చిక్కుముడి విప్పగలిగేవారు కాదన్నది మాత్రం ఖాయం.

అదే సంవత్సరం కర్ణాటక సీఈటీలో ఇంకో రకం గొడవ. సిలబస్ నుంచి తీసేసిన పాఠాల్లోంచి ప్రశ్నలు వచ్చాయని పిల్లలు, లెక్చరర్లు ఆందోళన చేశారు. చివరికి నాలుగు సబ్జెక్టుల్లో కలిపి 50 ప్రశ్నలను పక్కన పెట్టి మూల్యాంకనం చేస్తామని పరీక్షల ప్రాధికార సంస్థ ప్రకటించింది. అందులో ఫిజిక్స్‌వి 9. అంటే “ఫిజిక్స్‌లో నలభై ఎనిమిది సరైనవి” అని లెక్క వేసుకుని కూర్చున్న పిల్ల, అందులో ఎన్ని ఆ తొమ్మిదిలో పోయాయో మళ్లీ లెక్క పెట్టుకోవాలి. జేఈఈ మెయిన్‌లో పద్ధతి వేరు. అక్కడ ఆప్షన్లున్న ప్రశ్నను తొలగిస్తే ఆ షిఫ్టు రాసిన అందరికీ నాలుగు మార్కులు కలుపుతారు. సరిగ్గా చేసినవాడికి కొత్తగా వచ్చేది ఏమీ లేదు, తప్పు చేసినవాడికి అయిదు పెరుగుతాయి. ఆ తప్పుల ప్రశ్నతో ఏడు నిమిషాలు కుస్తీ పట్టి, తర్వాతి మూడు తేలిక బిట్లను వదిలేసినవాడి నష్టాన్ని ఏ సూత్రమూ పూడ్చదు.

మూడోది విలువ. ఇక్కడే పెద్దవాళ్లు కూడా పొరపాటు పడతారు. “మా అబ్బాయికి 180 వస్తాయి, పక్క ఫ్లాటు వాళ్లమ్మాయికి 172, మనమే ముందు” అనుకుంటారు. ఇద్దరూ వేరు వేరు షిఫ్టులు రాసి ఉంటే ఆ పోలికకు విలువ లేదు.

జేఈఈ మెయిన్‌లో మార్కుల్ని పర్సంటైల్‌గా మారుస్తారు. లెక్క తేలికే: ఆ షిఫ్టు రాసినవాళ్లలో నీ అన్ని మార్కులో, అంతకంటే తక్కువో వచ్చినవాళ్లు నూటికి ఎంతమంది అన్నదే నీ పర్సంటైల్. దశాంశ బిందువు తర్వాత ఏడు స్థానాల దాకా లెక్కిస్తారు. లక్ష మంది రాసిన కష్టమైన షిఫ్టులో 172 గానీ అంతకంటే తక్కువ గానీ వచ్చినవాళ్లు 98,900 మంది ఉంటే ఆ అమ్మాయికి 98.9. తేలికైన షిఫ్టులో 180 గానీ అంతకంటే తక్కువ గానీ వచ్చినవాళ్లు లక్షకు 98,300 మందే ఉంటే ఈ అబ్బాయికి 98.3. ఎనిమిది మార్కులు ఎక్కువ తెచ్చుకున్నవాడు వెనకబడ్డాడు. ఈ అంకెలు నేను వేసినవే, కానీ పద్ధతి అదే. 2025లో పరీక్ష రాసినవాళ్లు సుమారు 14.75 లక్షలు కనుక ఒక పర్సంటైల్ తేడా అంటే దాదాపు 14,750 ర్యాంకులు, 0.6 అంటే తొమ్మిది వేలకు దగ్గర.

ప్రతి షిఫ్టులోనూ అందరికంటే ఎక్కువ వచ్చినవాడికి 100 పర్సంటైల్. 2024లో 56 మందికి వంద రావడం చూసి “ఇంతమంది మొత్తం మార్కులు తెచ్చుకున్నారా” అని ఆశ్చర్యపోయినవాళ్లు ఉన్నారు. వందంటే మూడు వందలకు మూడు వందలు కాదు, ఆ షిఫ్టులో పైన ఎవరూ లేరని అర్థం. ఫిజిక్స్ పర్సంటైల్ వేరుగా వేస్తారు, మొత్తం పర్సంటైల్ మొత్తం మార్కుల మీద వేస్తారు. మూడు సబ్జెక్టుల పర్సంటైల్స్ కూడి మూడుతో భాగించకూడదు. మొత్తం సమానమైతే ముందు గణితం, తర్వాత ఫిజిక్స్ చూస్తారు.

ఈ పద్ధతి వెనక ఒక ఊహ ఉంది: పిల్లల్ని షిఫ్టులకు యాదృచ్ఛికంగా పంచుతారు కాబట్టి ప్రతి షిఫ్టులోనూ చురుకైనవాళ్లు, మామూలువాళ్లు దాదాపు ఒకే నిష్పత్తిలో ఉంటారని. లక్ష మంది ఉన్న చోట ఇది సమంజసమైన ఊహే.

బెంగళూరులో ఉండి కూడా ఆంధ్ర, తెలంగాణ ఈఏపీసెట్ రాసే పిల్లలు చాలామంది. స్థానికత గొడవ అలా ఉంచితే, అక్కడ నార్మలైజేషన్, అంటే పేపర్ల కష్టంలో తేడాను సరిచేసే లెక్క, ఇంకో దారి తొక్కుతుంది. ప్రతి సెషన్‌కు రెండు గుర్తులు పెట్టుకుంటారు. సగటుకు ప్రామాణిక విచలనం (మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే కొలత) కలిపితే వచ్చేది ఒకటి, పైనున్న 0.1 శాతం మంది మార్కుల సగటు రెండోది. అన్ని సెషన్లకు కలిపి కూడా ఇవే రెండు గుర్తులు వేస్తారు. సెషన్ గుర్తుల మధ్య నీ మార్కు ఎక్కడుందో, మొత్తం గుర్తుల మధ్య అదే నిష్పత్తిలో జరుపుతారు. సెషన్‌లో గుర్తులు 70, 140 అనుకోండి, మొత్తంలో 76, 153 అనుకోండి. నీకు 160కి 100 వస్తే, 70కి పైన 30. సెషన్ గుర్తుల మధ్య దూరం 70, మొత్తం గుర్తుల మధ్య దూరం 77 కనుక, ఆ 30ని 77తో గుణించి 70తో భాగిస్తే 33 అవుతుంది. 76కు కలిపితే 109. కష్టమైన సెషన్ కాబట్టి తొమ్మిది మార్కులు పెరిగాయి. తేలికైన సెషన్‌లో ఇలాగే తగ్గుతాయి, అప్పుడు “నా మార్కులు కోశారు” అన్న ఏడుపు మొదలవుతుంది. జేఈఈలో వరుసలో నీ స్థానం ముఖ్యం, ఈఏపీసెట్‌లో మార్కుల మధ్య దూరం కూడా ముఖ్యం. రెండింటిలోనూ సాయంత్రం లెక్క వేసుకున్న పచ్చి మార్కు తుది అంకె కాదు.

మరి పోల్చుకోవడం మానేయాలా? మానమన్నా మానరు, మానాల్సిన పనీ లేదు. పిల్లలు ఫిజిక్స్ గురించి మనస్ఫూర్తిగా మాట్లాడుకునే సందర్భాల్లో ఇదొకటి. ఆప్షన్ పోల్చుకోవడం కంటే “నువ్వెలా చేశావు?” అని అడగడం మేలు. లిఫ్టు బిట్టులో బలాల చిత్రం గీసి చూపమంటే అయిదు నిమిషాల్లో ఎవరిది ఎక్కడ తప్పిందో బయటపడుతుంది. మార్కుల లెక్క మాత్రం తాత్కాలిక కీ, మనం పెట్టిన జవాబులు చూపే రెస్పాన్స్ షీట్ వచ్చేదాకా ఆపుకోవాలి. ఆ షీట్లో ప్రతి ప్రశ్నకూ, ప్రతి ఆప్షన్‌కూ పొడవాటి ఐడీ నంబరు ఉంటుంది. కీలో కూడా అదే నంబరు. ఒకటో ఆప్షనా రెండోదా అని చూడకుండా ఐడీకి ఐడీ సరిచూసుకుంటే ఆప్షన్ల వరుస ఎలా మార్చినా తికమక ఉండదు.

సరిచూశాక కీయే తప్పనిపిస్తే అభ్యంతరం చెప్పవచ్చు. జేఈఈ మెయిన్‌లో ప్రశ్నకు 200 రూపాయలు, తిరిగి ఇవ్వరు, గడువు కొద్ది రోజులే. “మా ఫ్రెండ్స్ అందరికీ ఇదే వచ్చింది” అన్నది ఆధారం కింద రాదు. పాఠ్యపుస్తకం పేజీ, మొదటి మెట్టు నుంచి చివరి దాకా చేసిన లెక్క జతచేయాలి. ఒకే ప్రశ్న మీద నలుగురు స్నేహితులు నాలుగుసార్లు డబ్బు కట్టనక్కర్లేదు. లెక్క శుభ్రంగా రాసేవాళ్లొకరు కడితే చాలు. కీ మారితే అభ్యంతరం చెప్పనివాళ్లకూ ఆ మార్పు వర్తిస్తుంది. తుది కీ వెలువడ్డాక మాత్రం ఎవరి అభ్యంతరమూ తీసుకోరు.